ఖాళీ అర దగ్గర కంప్యూటర్ ఏమనాలి

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం, చాలా ఏళ్ళు నాకు అక్షరాలు రాలేదు. కర్ణాటకలోని రాయచూరు టౌన్లోనే పుట్టి పెరిగాను గానీ బడిని గేటు బయటినుంచి చూడడమే. మా అమ్మ జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరేది. నేనూ పక్కన కూర్చుని ఏరేదాన్ని. నా పిల్లలు పెద్దయ్యాక, పెద్దవాళ్ళ కోసం సాయంత్రం పూట పెట్టిన క్లాసులో కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాయడం వచ్చింది కన్నడ. తెలుగు అక్షరాలు ఆ తర్వాత చాలా ఏళ్ళకు, మహబూబ్‌నగర్ బస్సుల బోర్డులను కన్నడంతో పోల్చి చూసుకుంటూ పట్టుకున్నాను. తలకట్టు దగ్గర ఇప్పటికీ తడబడతాను.

రెండో కారణం, ఉద్యోగంలో ఉండగా పైవాళ్ళ గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తే ఉద్యోగం ఉండదు. ఇప్పుడు ఆ భయం లేదు.

నేను పనిచేసింది థర్మల్ ప్లాంటులో రిపేర్లు చూసే ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోరులో. పంపులకు, మోటార్లకు, బెల్టులకు కావలసిన విడిభాగాలు అరల్లో పెట్టి, ఫిట్టర్లు వచ్చి అడిగితే ఇవ్వడం మా పని. ఊడ్చే మనిషిగా చేరాను. సామాను అందించే మనిషినయ్యాను. చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏ పోస్టు ఎప్పుడు వచ్చిందన్నది ఎవరికీ పనికిరాదు, వదిలేస్తున్నాను. పనికొచ్చేది ఒకటుంది. పాత కంప్యూటర్‌లో ఉన్న లెక్కలను కొత్తదాంట్లోకి మార్చే పనికి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. ఆ మార్పిడిలో ఎక్కడో తప్పు దొరుకుతుంది. అప్పుడు కంప్యూటర్ ఏ మాటతో ఆ తప్పు చూపించాలి? మా స్టోరులో ఆ మాట సరిగా లేకపోవడం వల్ల, నాతో పాటు పనిచేసే మహాదేవి ఉద్యోగం ఊగిసలాడింది. ఆ సంగతే చెప్తాను.

హుసేన్ సాబ్ పద్ధతి

నాకు పని నేర్పింది హుసేన్ సాబ్ అనే పాత స్టోర్ కీపర్. ఆయన దగ్గర రెండు నియమాలుండేవి. ఒకటి, సామాను పేరు తెలియకుండా ముట్టుకోవద్దు. రెండోది, ఖాళీని ఖాళీ అని చూపించొద్దు.

రెండోది వింతగా ఉంటుంది గానీ మా వైపు వాళ్ళకు వింత కాదు. పక్కింటినుంచి గిన్నె తెచ్చుకుంటే ఖాళీగా తిరిగి ఇస్తామా? గుప్పెడు బియ్యమో చిటికెడు చక్కెరో వేసి ఇస్తాం. ఆయుధ పూజ రోజు స్టోరులో ప్రతి అరకూ కుంకుమ బొట్టు పెట్టి, ఖాళీ అరల్లో గుప్పెడు బొరుగులు పోసేవాళ్ళం. ముసల్మాను అయినా బొరుగులు తెచ్చేది హుసేన్ సాబే. "అర నిండుగ కనపడాలె తిమ్మమ్మా, అప్పుడే మాల్ వస్తది" అనేవాడు.

ప్రతి అరకూ ఒక కార్డు ఉండేది. సామాను అయిపోతే ఎన్ని అన్న గడిని తెల్లగా వదిలేసేవాడు. సున్నా మాత్రం రాసేవాడు కాదు. సున్నా రాస్తే ఆ సామాను మళ్ళీ రాదని ఆయన నమ్మకం. ఆయన పోయాక కూడా ఎవరమూ రాయలేదు. కార్డుల నుంచి మొదటి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు కూడా తెల్ల గడులు తెల్లగానే ఎక్కాయి. ఆ కంప్యూటర్ ఏమీ అనలేదు. మంచిదో చెడ్డదో, అది నోరు లేనిది.

ఇల్లు మారడం

కొన్నేళ్ళకు కంపెనీ కొత్త ప్రోగ్రామ్ తెప్పించింది. పాతదాంట్లో ఉన్నదంతా అందులోకి మార్చడానికి సుజాత అనే అమ్మాయి వచ్చింది. సింధనూరు దగ్గర కాలువ కింద, కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ళో వరి పండించుకునే వాళ్ళమ్మాయి. కోస్తా తెలుగు. ఉద్యోగం కొత్త, ఇంకా పర్మనెంట్ కాలేదు.

"ఇల్లు మారడం లాంటిదేనండి పిన్నిగారూ," అంది మొదటి రోజు. "పాత ఇంట్లో సామాను కొత్త ఇంట్లో సర్దుతున్నాం. సర్దేది కంప్యూటరే. ఏదన్నా పట్టకపోతే మీకు చెప్తుంది, మీరు సరిచేసి మళ్ళీ పంపాలి. అంతేనండి."

అంతే కాలేదు. బేరింగుల జాబితా ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎర్రర్. ప్రాసెస్ టర్మినేటెడ్.

మహాదేవి నా వైపు చూసింది. ఆమె దగ్గర్లోని కల్మల అనే ఊరినుంచి వచ్చేది. మొగుడు లేడు, అత్త ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. కాంట్రాక్టు మనిషి. నాకంటే బాగా చదువుతుంది, చేతివేళ్ళు నాకంటే జల్దీ ఆడతాయి.

"ఆగిపాయె అంటుంది అక్కా. ఎంతవరకు పోయి ఆగింది?"

"అది చెప్పలే."

"బండి నడుమ దారిల ఆగితే, దిగిన సామాను దిగినట్టా, లేకుంటే అంతా వాపస్ వచ్చినట్టా?"

అదీ చెప్పలేదు. మేము అంతా వాపస్ వచ్చిందనుకుని మొదటినుంచి మళ్ళీ ఎక్కించాం. దిగినవి దిగే ఉన్నాయి. సాయంత్రానికి చూస్తే స్టోరులో బేరింగులన్నీ రెట్టింపయ్యాయి.

మా స్టోర్స్ ఆఫీసర్ పాటిల్ సారు జాబితా చేత్తో పట్టుకుని వచ్చాడు. కన్నడంలో మొదలుపెట్టి మా తెలుగులోకి వచ్చాడు. "ఏన్రీ ఇది? బేరింగులు ఈనినయా? పిల్లలు పెట్టినయా?"

అందరం నవ్వాం. రెట్టింపు కాబట్టి ఇట్టే కనపడింది, సుజాత ఒక పూటలో తీసేసింది. నవ్వుతో పోయింది కాబట్టి దాన్నుంచి ఎవరమూ ఏమీ నేర్చుకోలేదు. కొత్తగా వచ్చే పిల్లలకు నా మొదటి మాట ఇదే. నవ్వొచ్చిన తప్పును కూడా కూర్చుని విచారించండి. ఆ రోజే సుజాత కంప్యూటర్ మాట తీరు చూసుకుని ఉంటే తర్వాతిది జరిగేది కాదు.

ఒకట్లు

తర్వాత పంపుల సామాను ఎక్కించాం. ఇక్కడ తెల్ల గడులు చాలా ఉన్నాయి. కొత్త కంప్యూటర్ తెల్ల గడిని ఒప్పుకోదు. ఒప్పుకోనని చెప్పిన తీరు ఇది: రో రిజెక్టెడ్, ఇన్‌వాలిడ్ వాల్యూ. ఏ సామానో చెప్పలేదు. ఏ గడో చెప్పలేదు. ఏం చేస్తే తీసుకుంటుందో చెప్పలేదు.

మహాదేవి అది మార్చి ఇది మార్చి చూసింది. పేరు సరిచేసింది, పోలేదు. అర నంబరు మళ్ళీ కొట్టింది, పోలేదు. చివరికి ఆ తెల్ల గడిలో ఒకటి పెట్టింది. పోయింది. మరో వరుసలో ఒకటి పెట్టింది. అదీ పోయింది.

సున్నా పెట్టినా తీసుకునేదే. కానీ సున్నా మా ఎవరి మనసుకూ రాలేదు. ఆ స్టోరులో ఎవరూ ఏనాడూ రాయని అంకె ఎట్లా వస్తుంది? ఖాళీ గిన్నెలో చిటికెడు చక్కెర వేసినట్టు ఒకటి పెట్టడమే అందరికీ సహజంగా తోచింది.

మహాదేవి దాచలేదు కూడా. పాటిల్ సారు అటువైపు పోతుంటే అడిగింది. "సార్, ఒకటి పెడితే తీసుకుంటుంది. పెట్టాల్నా?"

"తీసుకుంటే పెట్టు. జల్దీ ముగించు, ఓవర్‌హాల్ దగ్గరికొచ్చింది."

ఓవర్‌హాల్ అంటే ప్లాంటులో ఒక యూనిట్‌ను ఆపి అంతా విప్పి బాగుచేసే పని. అప్పుడు ఫిట్టర్లు స్టోరు మీద పడతారు. అందుకే ఆయన తొందర. నాకు తెలిసిన ఆఫీసర్లలో పాటిల్ సారు మంచివాడే. కోపం ఎక్కువ, వినడం తక్కువ, అబద్ధం అసలు లేదు. కానీ తొందరలో ఉన్న మనిషిని ఏదైనా అడిగితే అవుననే అంటాడు. అట్లా వచ్చిన అవునుకు బలం లేదని గుర్తుపెట్టుకోండి.

గేట్ పాస్

ఓవర్‌హాల్ ఇంకా మొదలు కాకముందే ఒక పొద్దున బూడిద తోసే పంపు ఒకటి కారడం మొదలుపెట్టింది. కారకుండా పంపులో వేసే సీలు కోసం ఫిట్టర్ వచ్చాడు. కంప్యూటర్‌లో ఒకటి ఉంది. అరలో లేదు.

"మీ కంప్యూటర్‌ల ఉన్న సీలు తీసి పంపుకు ఎట్ల పెట్టాలె తిమ్మమ్మా? తీగె గుండ పంపిస్తవా?" అన్నాడు.

రెండో పంపు నడుస్తోంది కాబట్టి ప్లాంటు ఆగలేదు. కానీ రాయచూరు బజారంతా తిరిగినా ఆ సీలు దొరక్క, బయటినుంచి తెప్పించేదాకా ఆ పంపు పడి ఉంది. ప్లాంటు ఇంజనీర్లు మా కంపెనీని నిలదీశారు. ఆ వరుస ఎక్కించింది ఎవరని చూస్తే మహాదేవి పేరు వచ్చింది.

పాటిల్ సారు ఆమె గేట్ పాస్ తీసుకున్నాడు. కాంట్రాక్టు మనిషికి గేట్ పాస్ లేకపోతే ప్లాంటు లోపలికి అడుగు పెట్టడానికి లేదు. మేనేజర్ సారు ఊరినుంచి వచ్చాక ఏం చేయాలో తేలుస్తారు, అప్పటిదాకా ఇంట్లో ఉండమన్నాడు.

"మీరే పెట్టమంటిరి గదా సార్," అంది మహాదేవి.

"నేను ఎప్పుడన్న?" అన్నాడు. కావాలని అనలేదు. నిజంగా గుర్తు లేదు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. కంపెనీలో కాంట్రాక్టు మనుషులను తీసేయడానికి మేనేజర్ ఒక్క మాట చాలు. మేమంతా ఆమె పని అయిపోయిందనే అనుకున్నాం.

సుజాత మాత్రం ఆ మధ్యాహ్నం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిన్నిగారూ, ఒక్క సీలేనా? ఇంకా ఎన్నిచోట్ల ఒకట్లు పెట్టారు?"

"తెల్లగ ఉన్న కాడల్ల పెట్టినం."

"సున్నా పెట్టొచ్చు కదండీ!"

"సున్నా ఎవరు పెడతరు బిడ్డా?" అన్నాను. హుసేన్ సాబ్ సంగతి, బొరుగుల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. తల పట్టుకుంది.

"మా క్యాంపులో కూడా ధాన్యం గాదె అడుగంటా ఊడవరండి. నాలుగు గింజలు ఉంచుతారు," అంది. "తెలిసీ నాకు తట్టలేదు."

కల్మలలో

ఆ ఆదివారం ఇద్దరం కల్మల వెళ్ళాం. సుజాత కొత్త మాటలను తెల్ల కాగితాల మీద తెరలాగా రాసుకుని వచ్చింది. మహాదేవి వాకిట్లో పప్పు చెరుగుతోంది. లేవలేదు.

"నా కడుపు కొట్టి, మళ్ల నన్నే అడగనీకి వస్తిరా?"

"తిట్టండి అక్కా, తప్పులేదు," అని సుజాత నేల మీదే కూర్చుంది. "తిట్టాక ఇది చదివి పెట్టండి."

మహాదేవి అత్త చాయ్ పెట్టింది. చాయ్ అయ్యాక మహాదేవి చేట పక్కన పెట్టి కాగితం తీసుకుంది.

మొదటి కాగితం మీద ఇంగ్లీషులో, క్వాంటిటీ ఫీల్డ్ ఇన్‌వాలిడ్ అని ఉంది. ఇన్‌వాలిడ్ అంటే ఏందని అడిగాను. చెల్లదని అర్థమంది సుజాత. ఎందుకు చెల్లదంటే, గడిలో ఏమీ లేదు కాబట్టి అంది. "మరి గడిల ఏమీ లేదనే అనొచ్చు గదమ్మా" అన్నాను. కొట్టేసింది. ఇంగ్లీషు మాటలు కూడా తీసేసి, ఇంగ్లీషు అక్షరాలతోనే కన్నడ మాటలు రాసింది. స్టోరులో అందరికీ వచ్చిన భాష అదే.

నా చదువు ఆలస్యపు చదువు కాబట్టి నాకు తెలిసింది ఒకటి చెప్పాను. నాలాంటివాళ్ళం వరుస మొత్తం చదివి అప్పుడు పనిలోకి దిగం. మొదటి మాట అర్థం కాగానే చెయ్యి కదులుతుంది. అందుకని ఏ సామాను, ఏ అర అన్నది మొదట రావాలి. లేచి వెళ్ళి చూసి వస్తాం. మిగతాది తర్వాత చదువుతాం.

రెండో కాగితం మీద, అరలో సామాను లేకపోతే సున్నా కొట్టండి అని కన్నడంలో ఉంది. మహాదేవి చదివి కాగితం వెనక్కి ఇచ్చేసింది.

"కొట్ట."

"ఎందుకండీ? ఇప్పుడు అర్థమైంది కదా?"

"అర్థమైంది. అయినా కొట్ట. లేదని నా చేత్తో నేనెందుకు రాయాలె? ఇంట్ల నూనె ఒడిస్తే నూనె లేదంటమా? తెప్పించాలె అంటం. గట్ల అడగమను నీ కంప్యూటర్‌ను."

సుజాత కాగితం వెనక్కి తీసుకుంది. తర్వాత రాసిందంతా కొట్టేసి కొత్తగా రాసింది. కన్నడంలో తెప్పించాలి అనడానికి తరిసబేకు అంటారు. లేకపోతే ఇంగ్లీషు టీ అక్షరం కొట్టండి చాలు, తరిసబేకు అని గుర్తు పెట్టుకుంటాను అని రాసింది.

"లోపల మాత్రం సున్నాగానే ఉంటుందండి," అంది నిజం దాచకుండా. "అయితే సున్నా వేసేది మీరు కాదు, కంప్యూటర్."

"అది ఏస్తే ఏసుకోని," అంది మహాదేవి. "దానికేమన్న ఇల్లా వాకిలా, అరిష్టం తగలనీకి?"

చాలా రోజుల తర్వాత నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సుదాకా వచ్చి, "మాట బాగుంది గానీ, దాన్ని కొట్టనీకి నేను ఉంటనా అక్కా?" అని అడిగింది.

చివరికి కుదిరిన మాట ఇట్లా ఉంది. పంపు సీలు, ఫలానా అర. ఎన్ని ఉన్నాయో పాతదాంట్లో రాసి లేదు. అర చూసి రండి. ఉంటే ఎన్నో కొట్టండి. లేకపోతే టీ కొట్టండి, తెప్పించాలని గుర్తు పెట్టుకుంటాను. దీనికి ముందున్నవన్నీ చేరాయి, మళ్ళీ మొదలుపెట్టొద్దు. చివరి వాక్యం బేరింగుల పుణ్యం.

తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ మాట కుదిరిన ఊపులో ఆ అమ్మాయి ప్రతిదానికీ ఒక మాట పెట్టింది. అది చేరింది, ఇది చేరింది, జాగ్రత్త, చూసుకోండి అని. వారం తిరిగేసరికి చదవడం మానేశాం. సణిగే అత్త మాట ఎవరు వింటారు? అన్నీ తీసేసి, మనిషి లేచి ఏదన్నా చేయవలసిన చోట మాత్రమే ఉంచింది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఎంత మంచి మాట పెట్టినా చూడకుండా మీట నొక్కేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు మందు లేదు.

మేనేజర్ గదిలో

మేనేజర్ ఖాదర్ సారు హైదరాబాద్ మనిషి. తక్కువ మాట్లాడతాడు. పాటిల్ సారునూ సుజాతనూ నన్నూ పిలిచాడు. మహాదేవికి పాస్ లేదు కాబట్టి ఆమె రాలేదు. ఆమె గురించి తేల్చే గదిలో ఆమెకే చోటు లేదు. ఇది నాకు ఇప్పటికీ నచ్చదు.

పాటిల్ సారు జరిగింది చెప్పాడు. తప్పుడు అంకెలు ఎక్కించారు, కంపెనీ పరువు పోయింది, ఆ మనిషిని తీసేయక తప్పదు అన్నాడు.

సుజాత లేచి నిలబడింది. "తప్పు ఆవిడది కాదు సార్. నేను పెట్టిన మాటది. ఏం తప్పో చెప్పకుండా తప్పు అన్నాను. ఎవరున్నా ఏదో ఒకటి పెట్టి వదిలించుకుంటారు."

"నీ ఉద్యోగం ఇంకా కన్ఫర్మ్ కాలేదు గదా?" అన్నాడు ఖాదర్ సారు.

"కాలేదు సార్."

"మాలూం హై. ఊర్కె అడిగిన." పాటిల్ సారు వైపు తిరిగాడు. "మీరు ఆ కుర్చీల ఉంటే ఏం పెడుతురు పాటిల్? నిజం చెప్పండి."

పాటిల్ సారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నాకు భయం వేసింది. పెద్ద సారు ముందు మా ఎదుట ఆయన తగ్గుతాడని నేను అనుకోలేదు.

"ఒకటే పెడుదును సార్," అన్నాడు. "సున్నా నాకూ తోచేది కాదు. ఇంకోటి. ఆమె నన్ను అడిగిందంటుంది. నాకు యాదికి లేదు. కానీ తొందరల ఉన్నప్పుడు నేను సరే అనే మనిషినే. అడిగే ఉంటది."

ఆ గదిలో ఆ మాట అనడం అంత తేలిక కాదు. పాటిల్ సారు గురించి ఎవరు ఏమన్నా నేను ఆ ఒక్క మాట గుర్తుచేస్తాను.

ఖాదర్ సారు సుజాత రాసిన కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. "తరిసబేకు. అచ్ఛా హై," అన్నాడు. "పాస్ వాపస్ ఇయ్యండి. ఓవర్‌హాల్ మొదలయ్యేలోపల ఒకటి ఉన్న ప్రతి అర కళ్ళతో చూసి సరిచేయాలె. పెట్టినోళ్ళకే తెలుస్తది ఎక్కడ పెట్టిన్రో. అందుకని ఆమె కావాలె మనకు."

పాటిల్ సారు బయటికి వచ్చి జేబులోంచి పాస్ తీసి నాకు ఇచ్చాడు. అన్ని రోజులూ ఆయన జేబులోనే పెట్టుకుని తిరిగాడు. "నువ్వే ఇయ్యి తిమ్మమ్మా. నేనిస్తే తిడతది," అన్నాడు.

మరునాడు పొద్దున నేను ప్లాంటు బస్సు ఎక్కలేదు. లింగసుగూరు రోడ్డు బస్సెక్కి కల్మలలో దిగాను. మహాదేవి కొడవలి పట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని కూలికి బయలుదేరుతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందక్కా గింత పొద్దుగాల? తీసేసిన్రా?"

పాస్ ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి తన ఫోటో చూసుకుంది.

"తప్పు నీది కాదన్నరు," అన్నాను.

"మరి ఎవరిదన్నరు?"

"కంప్యూటర్ మాటది."

"అయితే దాని పాస్ గుంజుకున్నరా?"

"జల్దీ చీర మార్చుకో, బస్సు పోతది."

కొడవలి నా చేతికిచ్చి లోపలికి పరుగెత్తింది. ఆమె తయారై వచ్చేదాకా ఆ కొడవలి పట్టుకుని వాకిట్లో నిలబడి, కూలికి రమ్మని పిలవడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ మహాదేవి ఇవాళ రాదని చెప్పాను.